పద్దెనిమిది కిలోల సంచి

సంచిలో అన్నిటికంటే అడుగున ఇనప పలకలు పెట్టాలి. రెండిటినీ పాత తువ్వాళ్ళలో చుట్టి, ఒకదానికొకటి తగిలి మోగకుండా మధ్యలో స్పాంజి ముక్క దూర్చాలి. వాటి మీద ఇసక మూటలు నాలుగు. ఆ మూటలు సూ-యున్ తన చేత్తో కుట్టినవే, చిరిగిపోయిన ఏప్రన్ల గుడ్డతో. ఇసక మీద నీళ్ళ తిత్తి, దాని పక్కన చేతిపంపు, ఆ పైన మధ్యాహ్నం తిండి. సంచి మూతి బిగించి, రెండు చేతులా ఎత్తి, గోడవార ఉన్న కాటా మీద పెట్టింది. ముల్లు పద్దెనిమిది దాటి కొంచెం ఊగి ఆగింది.

"జామకాయ ఎక్కువైంది," అంది వాన్-రూ బూట్ల తాళ్ళు కట్టుకుంటూ.

"తీసేస్తే తక్కువవుతుంది. ఉండనీ."

"అయితే కాగితంలో అలాగే రాయి అక్కా. సవారీ బరువు అరవై అయిదు కిలోల మీద ఒక జామకాయ అని."

సూ-యున్ నవ్వలేదు. ఎవరైనా బయల్దేరుతున్నప్పుడు వాళ్ళ సంచి సర్దడమంటే ఆమెకు ఎప్పుడూ నవ్వులాట కాదు. ఏదో ఒకటి మర్చిపోయాననీ, ఆ మర్చిపోయినదే అవసరం పడుతుందనీ గుండెలో పీకుతూ ఉంటుంది. జేబులు మళ్ళీ తడిమింది. పట్టీ ఉందా, మందు ఉందా, ఈల ఉందా. ఈల చేతికి తగిలాక గాని ఊపిరి వదల్లేదు.

వాన్-రూ బరువు నలభై ఏడు కిలోలు. ఫెంగ్‌యువాన్ శివార్లలోని ఈ సైకిళ్ళ ఫ్యాక్టరీలో కొత్త బండిని కొండల మీద తొక్కి చూసి చెప్పడం ఆ పిల్ల పని. తొక్కాక నింపే కాగితంలో సవారీ బరువు అరవై అయిదని అచ్చయి ఉంది. తొక్కేవాళ్ళందరూ మగవాళ్ళయిన రోజుల్లో అచ్చు వేయించిన కాగితం అది. కిందటేడు ఈ పిల్ల ఉద్యోగానికొచ్చి నిలబడితే, తేలికమనిషి, లెక్క కలవదు, పనికిరాదన్నారు. లోటు బరువు సంచిలో వేసి మోయిస్తే సరిపోతుందని అప్పుడు చెప్పింది వర్క్‌షాపు కొలతలూ కాగితాలూ చూసే సూ-యునే. పిల్లకి ఉద్యోగం వచ్చింది. సంచీ వచ్చింది.

వెల్డింగ్ గదిలోంచి ముసుగు పైకెత్తుకుంటూ లియావ్ బయటికొచ్చాడు. వాన్-రూ సంచి భుజానికెక్కించుకోవడానికి మోకాలు వంచి, ఒక చెయ్యి గోడకి ఆనించి, ఒక్క ఊపుతో లేవడం చూశాడు.

"పిచ్చుక కాళ్ళకి రాళ్ళు కట్టి ఎగరమంటున్నారు," అన్నాడు.

"నువ్వు అతుకు సరిగ్గా వెయ్యి మామా. నేను ఎగురుతానో పడతానో తరవాత చూద్దువుగాని."

"నా అతుకు నీకంటే గట్టిది పిల్లా. నువ్వు విరిగినా అది విరగదు."

అలాంటి మాటలు అనొద్దని సూ-యున్ అతన్ని కసిరింది. బండి తలుపు దగ్గర ఆనించి ఉంది. ముందూ వెనకా స్ప్రింగులున్న కొండ సైకిలు. లేత వంకాయ రంగు. ఆడవాళ్ళకీ పొట్టివాళ్ళకీ అని అమ్మకాల వాళ్ళు ఆ రంగు తామే ఎంచి మరీ పంపారు. ఫ్రేము చిన్నదయింది. హ్యాండిల్ కురచయింది. వెనక చక్రానికీ కుదుపుల్ని మింగే షాక్‌కీ మధ్య ఊగే అరచేతంత లింకు మాత్రం పెద్ద బండిదే.

"ఎన్నింటికొస్తావు?" అంది సూ-యున్. రోజూ అడిగేదే.

"మూడింటికి."

సంచి మీద రెండుసార్లు చేత్తో తట్టింది. వాన్-రూ బండి నడిపించుకుంటూ గేటు దాటింది. తాకెంగ్ కొండలకి వెళ్ళే వ్యాను మలుపు తిరిగేదాకా సూ-యున్ తలుపు దగ్గరే నిలబడింది.

మూడింటికి పది నిమిషాల ముందే వచ్చింది. మోకాళ్ళ దాకా ఎర్రమట్టి. సంచి దించి నేల మీద పెడుతుంటే పలకలు తువ్వాళ్ళలోంచే ధన్‌మన్నాయి. షాక్ కడ్డీ మీద నల్లని రబ్బరు చుట్ట ఒకటి ఉంటుంది. షాక్ ఎంత దిగితే చుట్ట అంత దూరం జరిగి అక్కడే ఆగిపోతుంది. అరవై మిల్లీమీటర్ల కడ్డీ మీద చుట్ట యాభై ఎనిమిది దగ్గర ఆగి ఉంది. సూ-యున్ కొలిచి, కాగితం మీద రాసింది. చాలా మంచి అంకె. ఆ అంకెను చూస్తే ఎవరికైనా ఈ బండి చిన్నవాళ్ళ కింద హాయిగా దిగి లేస్తోందనే అనిపిస్తుంది.

ఈ వారం ఆ అంకె మీదే అంతా ఆధారపడి ఉంది. లింకు పోతపోసే పాత అచ్చు అరిగిపోయింది. కొత్త అచ్చు కోయించాలి. చిన్న బండికీ పాత లింకే చాలునా, దానికి వేరే లింకు గీయాలా అన్నది ఇప్పుడే తేలాలి. ఒకసారి అచ్చు కోశాక అయిదారేళ్ళు ఎవరూ దాని జోలికి పోరు. శుక్రవారం సముద్ర దేవత మాజు తల్లి పల్లకి తాచియా గుడి నుంచి ఊరేగింపుకి బయల్దేరుతుంది. అచ్చులు కోసే ముసలాయన ఏటా పల్లకి వెంట తొమ్మిది రోజులూ నడుస్తాడు. కాబట్టి గురువారంలోగా, ఏ లింకో తేల్చే ఈ కాగితం ఆయనకి చేరాలి.

వాన్-రూ ఆ రోజు సెలవు చీటీ రాయాల్సి ఉండి ముద్ర కోసం సూ-యున్ బల్ల సొరుగు లాగింది. చంద్రుడి పండక్కి వచ్చిన బిస్కెట్ల రేకు డబ్బాలో వర్క్‌షాపులో ఉన్న పదకొండుమంది సంతకానికి బదులు వేసే పేరు ముద్రలూ ఉంటాయి, ఎర్ర సిరా డబ్బీతో సహా. ఎవరి చీటీకైనా ముద్ర వేసేది సూ-యునే. అందరి చేతులూ గ్రీజే గదా, ఆమె చేతులే కాస్త శుభ్రం. అలా మొదలైన అలవాటు ఇరవై ఏళ్ళుగా సాగుతోంది. డబ్బా కింద పిల్లకి ఒక అట్టముక్క కనిపించింది. సైకిలు వెనక భాగం ఆకారంలో అట్టని కత్తిరించి, కీళ్ళున్న చోటల్లా గుండుసూదులు గుచ్చి ఉంది. మధ్యలో లింకు. కాని అది ఈ లింకు కాదు. ఒక రంధ్రం తొమ్మిది మిల్లీమీటర్లు వెనక్కి జరిగి ఉంది.

వాన్-రూ అట్ట చక్రాన్ని చిటికెన వేలితో పైకి నొక్కింది. అది మెత్తగా లేచింది. మళ్ళీ నొక్కింది.

"ఇది నాలాంటివాళ్ళకి," అంది.

సూ-యున్ అట్ట తీసుకుని సొరుగులో పెట్టేసింది. ఏదో ఊసుపోక కత్తిరించిందే అంది. పిల్ల ఊరుకోలేదు. ఎన్నాళ్ళయింది, మాస్టారికి చూపించావా అని అడిగింది. మాస్టారు అంటే త్సెంగ్. ఈ ఫ్యాక్టరీలో ప్రతి బండీ ఆయన గీసిందే, పెద్ద లింకుతో సహా. ఆయన గీసిన గీత పక్కన ఇంకో గీత గీసి చూపించడమంటే ఏమిటో ఈ పిల్లకేం తెలుసు?

"సమయం చూసి చూపిస్తాను," అంది సూ-యున్.

"సమయం గురువారం దాకే ఉందిగా అక్కా."

*

బుధవారం ఇంకో తొక్కుడు. వాన్-రూ ఒంటిగంటకే వచ్చేసింది. సంచి దించలేదు. అలాగే వచ్చి బల్ల ముందు నిలబడి చేతి వెనకవైపు చూపించింది. పెన్నుతో రెండు అంకెలు రాసుకుంది. యాభై ఎనిమిది. ముప్పై ఆరు.

ఒకే దారిన రెండుసార్లు దిగాను అంది. మొదటిసారి సంచితో. రెండోసారి సంచిని వెదురు పొద కింద దాచి, ఒట్టి ఒంటితో. అదే రాళ్ళు, అదే వేగం. రెండోసారి షాక్ సగం దాటి కొంచెం దిగి ఆగిపోయింది. మిగతా సగం బండిలో ఉన్నట్టే గాని, తనలాంటి వాళ్ళకి లేనట్టే.

"షాక్‌లో గాలి తగ్గించి చూశావా?"

"చూశాను. తగ్గిస్తే కూర్చుంటుంది గాని లేవదు. ఒక రాయి మీంచి లేచేలోపు ఇంకో రాయి వచ్చేస్తుంది. గుర్రం మోకాళ్ళ మీద నడిచినట్టుంటుంది." సంచి దించుతూ పళ్ళ బిగువున నిట్టూర్చింది. "ఈ బండి కొనేవాళ్ళు ఎవరూ సంచి కొనుక్కోరుగా అక్కా."

పిల్ల చేతులు కడుక్కోవడానికి వెళ్తే సూ-యున్ వెనకే వెళ్ళింది. చొక్కా మెడ పక్కకి జరిగి ఉంది. సంచి పట్టీలు ఒరుసుకున్న చోట రెండు భుజాల మీదా నీలం, దాని అంచున పసుపు. పాతదీ కొత్తదీ కలిసిన కమిలిక. సూ-యున్ దాన్ని ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

తిరిగి వచ్చి సూదీ దారం తీసింది. చెత్తబుట్టలో సీటు మెత్త ఒకటి పడి ఉంటే తీసి, కత్తిరించి, సంచి పట్టీల లోపలివైపు పెట్టి కుట్టడం మొదలుపెట్టింది. దట్టమైన గుడ్డ, సూది దిగడం లేదు. వేలికి రెంచీ వెనకభాగం ఆనించి నొక్కుతోంది.

వాన్-రూ గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది.

"నాలుగోసారి," అంది. "మొదట స్పాంజి పెట్టావు. తరవాత పట్టీ వెడల్పు చేశావు. ఆ తరవాత నడుంకి బెల్టు కుట్టావు. ఎప్పుడూ సంచే బాగుచేస్తావేంటక్కా నువ్వు?"

సూ-యున్ దారం కొరికింది. పిల్ల బల్ల మీద కాగితం ముందుకు జరిపి చెప్పాల్సింది చెప్పింది. రెండో అంకె కూడా రాయి, నలభై ఏడు కిలోలు, సంచి లేకుండా, ముప్పై ఆరు అని. అది రాస్తేనే మొదటి గడిలో తన ముద్ర. రాయకపోతే ఆ గడి ఖాళీగానే పోవాలి.

కాగితం కింద నాలుగు గడులుంటాయి. మొదటిది తొక్కినవాళ్ళది, రెండోది వర్క్‌షాపు తరఫున సూ-యున్‌ది, మూడోది త్సెంగ్ మాస్టారిది, నాలుగోది పై ఆఫీసుది. ముందు గడి నిండితేనే తరవాతి గడి నిండుతుంది. ఇన్నేళ్ళలో మొదటి గడి ఖాళీగా పైకి వెళ్ళిన కాగితం ఒక్కటీ లేదు.

సూ-యున్ ఆ పిల్లని కూర్చోబెట్టి మెల్లిగా చెప్పింది. నెలాఖరుకి నీ ఏడాది ఒప్పందం అయిపోతోంది. బరువు చాలని మనిషిని ఎందుకు పెట్టుకున్నారని అమ్మకాల వాళ్ళు ముందునుంచీ గొణుగుతూనే ఉన్నారు. ఈ వారం గొడవ పెట్టుకుంటే నువ్వే పోతావు. లింకుదేముంది, ఇవాళ కాకపోతే ఇంకోసారి.

"ఇంకోసారి అంటే అయిదేళ్ళ తరవాత."

"నువ్వుంటే చాలు నాకు. లింకు సంగతి తరవాత."

వాన్-రూ ఆమె ముఖంలోకి చూసింది. మెత్తబడ్డట్టే కనిపించింది. రేకు గిన్నెలో మిగిలిన జామముక్కని ఉప్పులో అద్ది సూ-యున్ చేతిలో పెట్టి, రేపు పొద్దున్న సంచి లేకుండా ఇంకోసారి తొక్కి, ఫోనులో బొమ్మ తీసుకొచ్చి మాస్టారికి తనే చూపిస్తానంది. నువ్వేం మాట్లాడక్కర్లేదు, పక్కన నిలబడితే చాలంది.

సరేనంది సూ-యున్. పక్కన నిలబడటం ఎంతసేపు.

*

గురువారం పొద్దున్న సర్దడానికి సంచి లేదు. సూ-యున్ చేతులకి ఏం చెయ్యాలో తోచలేదు. అన్నం ముద్ద ఒకటీ, ఉడికించిన గుడ్డు ఒకటీ, ఈలా గుడ్డలో మూటగట్టి పిల్ల నడుముకి కట్టింది. ఎన్నింటికొస్తావంటే రెండింటికి అంది. మాస్టారు నాలుగింటిదాకా ఉంటారు, చాలా సమయం ఉంది. సంచి లేని ఆ పిల్ల బండెక్కి గేటు దాకా చేతులు వదిలి తొక్కుకుంటూ పోయింది. ఆ పిల్ల ఇంత తేలికగా ఉండగా సూ-యున్ ఎప్పుడూ చూడనే లేదు.

పదకొండు గంటలకి అచ్చుల వాళ్ళ మనిషి స్కూటరు మీద వచ్చేశాడు. సాయంత్రం నుంచి పల్లకి కోసం రోడ్లు మూసేస్తారట, ముసలాయన పొద్దున్నే కాగితాలు తెమ్మన్నాడట. గుమ్మంలో హెల్మెట్ చంకన పెట్టుకుని నిలబడ్డాడు. ఇప్పుడు తీసుకెళ్ళకపోతే పది రోజుల తరవాతే అన్నాడు. పై ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. కాగితం ఎక్కడ ఆగింది, ఎవరి దగ్గర ఆగింది అని అడిగారు.

ఎవరి దగ్గర అన్న ఆ మాటే సూ-యున్ చెవిలో ఉండిపోయింది. ఖాళీ గడి చూస్తే పేరు అడుగుతారు. పేరు తెలిస్తే నెలాఖరు దాకా కూడా ఆగరు. లియావ్‌ని చూసింది. అతను ముసుగు దించుకుని ఉన్నాడు. గోడ గడియారం చూసింది. పిల్లకి ఫోను చేసింది. కొండల్లో ఎప్పుడూ తగలని ఫోను ఇప్పుడూ తగల్లేదు.

సొరుగు లాగింది. రేకు డబ్బా మూత తీసింది. పదకొండు ముద్రల్లో కో వాన్-రూ పేరున్నది చూడకుండానే దొరికింది. మిగతావాటికంటే పొట్టిది, చెక్కది. సిరా డబ్బీలో అద్దింది. సెలవు చీటీలకి ఎన్నిసార్లు వెయ్యలేదు? బస్సు చీటీలకి, భోజనం చీటీలకి, బూట్లు కావాలన్న చీటీకి? మొదటి గడి మధ్యలో పెట్టి నొక్కింది. వంకర పోకుండా, సిరా కారకుండా, ఎప్పటిలాగే శుభ్రంగా పడింది. పక్క గడిలో తన ముద్ర వేసి, కాగితం పట్టుకుని మాస్టారి గదికి నడిచింది.

త్సెంగ్ మాస్టారు యాభై ఎనిమిదనే అంకెను చూసీ చూడనట్టు దాటేశారు. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. మొదటి గడి దగ్గర కాగితాన్ని వెలుతురుకి వంచారు.

"పిల్ల ముద్ర వేసిందా?"

"వేసింది," అంది సూ-యున్.

ఆయన ఇంకా కాసేపు చూశారు. తరవాత తన సొరుగులోంచి తన ముద్ర తీసి వేశారు. పై ఆఫీసు ముద్ర పడటానికి అయిదు నిమిషాలు పట్టలేదు. నకలు తీసి గోడ మీది కొక్కేనికి తగిలించి, అసలు కాగితం స్కూటరు మనిషికిచ్చారు.

రెండింటికి అయిదు నిమిషాల ముందు వాన్-రూ వచ్చింది. బండిని ఆనించి, ఫోను చేత్తో పట్టుకుని, ఒగరుస్తూ నేరుగా మాస్టారి గది వైపు వెళ్ళబోయింది. మధ్యలో కొక్కెం. నకలు నలుపూ తెలుపే. అయినా తన పేరు తనకి తెలియకుండా పోతుందా? ఆగింది. కాగితాన్ని కొక్కెం నుంచి తియ్యకుండానే, కింది అంచు రెండు వేళ్ళతో పట్టుకుని చదివింది.

సూ-యున్ లేచి నిలబడింది. అచ్చుల మనిషి ముందే వచ్చేశాడనీ, ఫోను చేశాననీ, తగల్లేదనీ చెప్పింది. ఖాళీగా వెళ్తే నిన్ను తీసేసేవాళ్ళు, నీకోసమే అంది. చెబుతూ ఉంటేనే ఆ మాటలు నోట్లో చప్పబడిపోయాయి.

వాన్-రూ అరవలేదు. కుళాయి దగ్గరికెళ్ళి మోచేతుల దాకా కడుక్కుంది. గోళ్ళ కింద మట్టి కూడా తీసుకుంది. వచ్చి సొరుగు లాగి, డబ్బాలోంచి తన ముద్ర తీసింది. దాని అడుగున సిరా ఇంకా తడిగానే ఉంది. కాగితం రుమాలుతో అక్షరాల సందుల్లోని ఎరుపంతా పోయేదాకా తుడిచి, జేబులో వేసుకుంది.

"నా బరువు నలభై ఏడు అక్కా," అంది. "ఒక్క కాగితం మీదైనా అది ఉంటుందనుకున్నాను."

నడుముకి కట్టిన గుడ్డ మూట విప్పి బల్ల మీద పెట్టింది. గుడ్డు అలాగే ఉంది. ఈల తీసి దాని పక్కన పెట్టింది. బండిని తీసుకెళ్ళి దాని కొక్కేనికి తగిలించి, చక్రానికి అంటిన గడ్డిపరక తీసేసి, గుమ్మం వైపు నడిచింది.

"ఎన్నింటికొస్తావు?" అంది సూ-యున్.

ఇంకేం అడగాలో ఆమెకు తెలియలేదు. పిల్ల వెనక్కి తిరగలేదు. గడియారం రెండుంపావు చూపిస్తోంది. లియావ్ ముసుగెత్తి మళ్ళీ దించుకున్నాడు.

మూడు దాటాక త్సెంగ్ మాస్టారు వర్క్‌షాపులోకి వచ్చారు. ఆయన ఎప్పుడోగాని ఇటు రారు. పిల్ల ఏదని అడిగారు. సూ-యున్ బల్ల మీద సంచి ఉంది. ఆమె దాని నడుం బెల్టు కుట్లు ఒక్కొక్కటే విప్పుతోంది. తల ఎత్తలేదు.

"ఆ ముద్ర నేను వేశాను మాస్టారూ. ఆ పిల్ల వెయ్యనంది."

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఆయన కోప్పడతారనీ, నలుగురిలో పరువు తీస్తారనీ సూ-యున్ ఎదురుచూసింది. ఆయన సంచి పట్టీని చేతిలోకి తీసుకుని, కొత్తగా కుట్టిన మెత్తని బొటనవేలితో నొక్కారు.

"నేను అంకె చూడలేదు యున్. మొదటి గడే చూశాను," అన్నారు. "ఏడాదిగా చూస్తున్నా కదా ఆ పిల్ల ఇది మోయడం. ఈ బరువేసి తొక్కించిన లెక్క లెక్కే కాదని నాకు తెలీదా? కాని ఆ కాగితం అచ్చు వేయించింది నేను. లింకు గీసింది నేను. నా గీత తప్పని నేనే చెప్పుకోడానికి నోరు రాలేదు. కింది నుంచి ఒక్క గడి ఖాళీగా వస్తే చాలు, ఆపేద్దామని కూర్చున్నాను. పిల్ల ముద్ర కనిపించింది. మోసేదానికే లేని బాధ నాకెందుకులే అనుకున్నాను."

సూ-యున్ చేతిలో కత్తెర ఆగిపోయింది. ఇన్నాళ్ళూ ఆమె ఎవరికి భయపడి సొరుగు మూసిందో ఆయన గోడకి అవతల ఎవరైనా కాదంటారేమోనని కాచుకుని ఉన్నారు. ఆ ఖాళీ గడి ఒక్కటే కావలసింది. పిల్ల దాన్ని ఖాళీగానే ఉంచింది. ఎర్రగా, శుభ్రంగా, వంకర లేకుండా నింపింది తనే.

అట్టముక్క తీసి ఆయన ముందు పెట్టింది. ఆయన అట్ట చక్రాన్ని వేలితో నొక్కారు. మళ్ళీ నొక్కారు. జరిగిన రంధ్రం ఎంతని అడిగారు. తొమ్మిది అంది. పది కాదా అన్నారు. పదైతే ఫ్రేముకి తగులుతుందంది. ఆయన తలూపి, లేచి, అచ్చుల ముసలాయనకి ఫోను చేశారు. ముసలాయన నడక బూట్లకి నూనె రాస్తున్నాడట. పల్లకి తిరిగొచ్చేదాకా అచ్చు ఎలాగూ ముట్టుకోనన్నాడు, కాగితం వెనక్కి పంపేస్తానన్నాడు.

కాగితం ఆ సాయంత్రమే, రోడ్లు మూసేలోపు వచ్చింది. తప్పు పడిన ముద్ర కొట్టెయ్యాలంటే, తప్పు చేసినవాళ్ళు తమ ముద్ర దానికి అడ్డంగా వెయ్యాలి. సూ-యున్ వాన్-రూ పేరు మీద తన పేరు అడ్డంగా వేసింది. అది వంకరగా పడింది. పక్కన రాసింది: సవారీ బరువు నలభై ఏడు. సంచి లేకుండా. ముప్పై ఆరు.

ఆ పిల్ల ఫోను మోగి మోగి ఆగిపోయింది. శుక్రవారం పొద్దున్న సూ-యున్ జామకాయలు తీసుకుని మార్కెట్ వెనక ఆమె అద్దెకుంటున్న ఇంటికి వెళ్ళింది. మెట్ల మీద ఇంటామె బీన్స్ తుంచుతోంది. ఆరు గంటల రైలుకి పోయిందమ్మా, రెండు సంచులు, రెండూ తనే సర్దుకుంది అంది. తూర్పుతీరం వైపని చెప్పిందట, ఊరి పేరు చెప్పలేదట. ఎంత త్వరగా సర్దిందో, ఏం మర్చిపోయిందో చూడొచ్చా అని సూ-యున్ అడిగింది. ఇంటామె గది తలుపు తీసి చూపించింది. పిల్ల ఏమీ మర్చిపోలేదు. నేల తుడిచి కూడా వెళ్ళింది.

కొత్త లింకుతో బండి మరుసటేడు సెప్టెంబరులో అంగళ్ళకి వెళ్ళింది. దాన్ని కొండల మీద తొక్కి చూసింది యాభై కిలోల కాలేజీ పిల్ల ఒకామె, నీళ్ళ సీసా తప్ప ఏమీ లేకుండా. చుట్ట యాభై ఏడు దగ్గర ఆగింది. కాగితంలో సవారీ బరువు దగ్గర అచ్చు అంకె తీసేసి ఖాళీ గీత వేయించారు త్సెంగ్ మాస్టారు. ఎవరి ముద్ర వాళ్ళు ఇంటికి తీసుకెళ్తున్నారు. రేకు డబ్బాలో ఇప్పుడు గుండుసూదులున్నాయి. ఇసక మూటలు డ్రిల్లింగు మిషను కాళ్ళ కింద ఉన్నాయి, అదరకుండా.

మొదట తయారైన బండి ఒకటి సూ-యున్ అమ్మనివ్వలేదు. సీటు ఒకరి ఎత్తుకి బిగించి, షాక్‌లో నలభై ఏడు కిలోలకి సరిపడా గాలి నింపి, తలుపు పక్కన కొక్కేనికి తగిలించింది. గాలి మెల్లిగా దిగిపోతూ ఉంటుంది. నెలకోసారి నింపుతుంది.

కో వాన్-రూ తిరిగి రాలేదు. ఆమె ఆ గేటు దాటి వెళ్ళింది 2023 ఏప్రిల్ 20, గురువారం, మధ్యాహ్నం రెండుంపావుకి.